ఆషాఢంలో ఉతికే కోటు

పలమనేరులో పెండ్లికూతురు కారెక్కే వేళకు మునివెంకటప్ప బ్యాండు వాళ్లు వాకిట్లో అర్ధచంద్రంగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో నడిమధ్య నవాబు. క్లారినెట్టు వాయించేవాడి చోటు అదే. అప్పగింతల పాటకు క్లారినెట్టే ప్రాణం. ట్రంపెట్లు ఎంత అరిచినా ఎవరి కండ్లూ తడవవు. క్లారినెట్టు కాస్త గొంతు జీరబోయినట్టు ఒక్క స్వరం సాగదీసిందంటే, పప్పులో ఉప్పు తగ్గిందని పొద్దుటినుంచీ అలిగి కూర్చున్న మేనమామ కూడా కండువాతో మొహం తుడుచుకుంటాడు. ఆ స్వరం సాగదీయడంలో నవాబు ఆరితేరినవాడు. చిత్తూరు చుట్టుపక్కల ఎందరో ఆడపిల్లలు అతని పాట వింటూనే పుట్టింటి గడప దాటారు.

పెండ్లికూతురి తల్లి వరదమ్మ బిడ్డను కావలించుకుని ఏడుస్తోంది. నవాబు పాట అందుకుని, అలవాటు ప్రకారం కారు దగ్గరకు వెళ్లి, పెండ్లికూతురి పక్కన నిలబడ్డాడు. వరదమ్మ ఏడుపు ఆగిపోయింది. కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అబ్బబ్బా, ఏం కంపప్పా ఇది! మునివెంకటప్పా, ఈ కోటాయన్ని అంత దూరం పొమ్మను. బిడ్డకు కడుపులో తిప్పతా ఉండాది."

ఏడుస్తున్న పెండ్లికూతురు కూడా ముక్కు మూసుకుంది. జనంలో ఎవరో నవ్వారు. నవ్వు అంటువ్యాధి కదా, వాకిలంతా పాకింది. మగపెండ్లివారిలో ఒక పోకిరీ పన్నీరు బుడ్డి తెచ్చి నవాబు మీద కుమ్మరించినట్టు చల్లాడు. పన్నీరు మర్యాదకు చల్లితే చల్లగా తగులుతుంది. కంపు పోవడానికి చల్లితే ఎలా తగులుతుందో నవాబుకు ఆ రోజే తెలిసింది.

అతను పాట ఆపలేదు. బిడ్డ గడప దాటే వేళ వాయిద్యం ఆగితే అశుభం. వాయిస్తూనే వెనక్కి అడుగులు వేసి, పందిరి గుంజ వీపుకు తగిలాక ఆగాడు.

తిరుగు ప్రయాణంలో వ్యాను చిత్తూరు దారి పట్టగానే కోట్లన్నీ విప్పి ట్రంకులో పడేశారు. ఎర్ర మఖమలు కోట్లు, భుజాల మీద పసుపు కుచ్చులు, ఎదురొమ్ము మీద జరీ పట్టీలు. ముత్యాలపల్లకి ముందు నడుస్తుంటే దూరం నుంచి చూసినవాళ్లకు మైసూరు మహారాజు సిపాయిల్లా కనిపిస్తారు. దగ్గరికి వస్తే సంగతి వేరు. ఆ కోట్లు ఎవరి సొంతమూ కావు. ఎవరి ఒంటికి ఏది పడితే అది. నవాబు తొడుక్కునే కోటు అతనికి ముందు ఒక డోలు ఆయనది, అంతకు ముందు చచ్చిపోయిన ఒక ట్రంపెట్టు ఆయనది. చంకల్లో పేరుకున్న చెమట తెల్లగా ఉప్పుగీతలు కట్టి ఉంటుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఒక్క ఉతుకు ఉండదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పుడు మునివెంకటప్ప ట్రంకు తీసుకుని తిరపతికి పోయి డ్రైవాషుకు వేస్తాడు. ఆషాఢం వస్తే కోట్లకు స్నానం, మనుషులకు పస్తు.

"నా చెమటే కాదు గదా దాంట్లో ఉండేది," అన్నాడు నవాబు ఉన్నట్టుండి.

పక్కన కూర్చున్న ఓబయ్య తలూపాడు. ఓబయ్య సంతపేటలో తోపుడుబండి నెట్టే మనిషి. వాయించడం రాదు. బ్యాండు పెద్దదిగా కనిపించాలని మునివెంకటప్ప ఇలాంటి వాళ్లను కొందరిని పెడతాడు. వాళ్ల చేతికి పాడైపోయిన వాయిద్యాలు ఇస్తాడు. వాళ్లు బుగ్గలు ఉబ్బించి, వేళ్లు ఆడిస్తూ నిలబడాలి. ఓబయ్య మంచి పొడగరి, మంచి మీసం. అందరికన్నా వాడే వాయిస్తున్నట్టు కనిపిస్తాడు.

"ఎవురి చెమటైతే ఏమిలే నవాబన్నా. అప్పుడు ఎవురు తొడుక్కోనుంటే వాళ్లదే కంపు," అన్నాడు ఓబయ్య. వాడి మనసులో కల్మషం లేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

మరునాడు పొద్దున మునివెంకటప్ప కబురు పెట్టాడు. చిత్తూరు గిరింపేటలో అతని ఇల్లు. అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"రా నవాబూ. వచ్చే గురువారం తిరుచానూరులో నిన్నటి పెండ్లికొడుకోళ్ల రిసెప్షను ఉండాది గదా. బ్యాండు ఆడపెండ్లోళ్లదే. వరదమ్మ మనిషిని పంపించింది. ఆ కంపు కోటు ఈడకు రాకూడదు అనింది."

"అయితే కోట్లు ఉతికించన్నా."

"ఆషాఢంలో ఉతికిస్తాను గదప్పా. మాటిమాటికీ డ్రైవాషు పెట్రోలు తగిలితే జరీ చచ్చిపోతాది. నువ్వొక్కడివి అడిగినావని ట్రంకంతా మోసకపోయేదానికి అయితాదా?"

"నాదొక్కటి ఇయ్యన్నా. నేనే పోయి వేయించుకోనొస్తా."

మునివెంకటప్ప కత్తి ఆపి అతని వైపు చూశాడు. కోటు ట్రంకు దాటి ఎవరి ఇంటికీ పోకూడదన్నది అతను పెట్టిన కట్టుబాటు. కానీ పొద్దున్నే వచ్చిన మనిషితో రచ్చ ఎందుకనుకున్నాడేమో, "సరే పో, తీసకపో. కంపు లేకుండా తెస్తే తెచ్చినావు, ముందర నిలబడు. లేకుంటే నీ ఇష్టం," అని మళ్లీ అద్దంలోకి తిరిగాడు.

ఆ ఒక్క మాట చాలు నవాబుకు. ముందర నిలబడు. ఇన్నేళ్లుగా అతనికి ఉన్న ఆస్తి అంటూ ఏదైనా ఉంటే ఆ నడిమధ్య చోటే. వెనక వరసలోకి జరిగినవాణ్ణి తిరిగి ముందుకు పిలిచిన బ్యాండు అతను చూడలేదు. వెనక వరసకు పోయినవాడు మరుసటేడు లెక్కకు నిలబడతాడు, ఆ పైఏడు ఏ టీకొట్టు దగ్గరో కనిపిస్తాడు. తిరుచానూరులో ఆ వరదమ్మ ముందే, అదే చోట నిలబడాలి. అతనికి కావలసింది అంతే.

కోటును పాత దుప్పటిలో చుట్టుకుని తిరపతి బస్సెక్కాడు. పక్కన కూర్చున్న ఆసామి కాసేపటికి లేచి వెనక సీటుకు పోయాడు. నవాబు దుప్పటి మూట కాళ్ల కిందకు తోసి, కిటికీ బయటకు చూస్తూ కూర్చున్నాడు.

గాంధీ రోడ్డులో జయరామ్ డ్రైక్లీనింగు అంగడి. అద్దాల బీరువాల్లో పట్టుచీరలు, సూట్లు కాగితం తొడిగి వేలాడదీసి ఉన్నాయి. జయరామ్ కోటు విప్పి చూడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. అయినా వ్యాపారస్థుడు, ఓర్పు ఉంది.

"ఇది ఎన్నాళ్లకొకసారి వేయిస్తారప్పా?"

"ఆషాఢానికొకసారి."

"ఆషాఢానికా!" అని నవ్వాడు జయరామ్. "పట్టుచీర ఉండాది చూడు, నాలుగు పెండ్లిండ్లు కట్టినా మరక పడకుంటే వేయించే పనిలేదు. నీడలో ఆరేసి మడత మార్చి పెట్టుకుంటే చాలు. ఊలు కోటు అయితే చలి పోయినాక ఒకసారి. కోర్టులో వకీళ్లు వేసుకునేది నెలకొకసారి. ఇది అట్ల కాదప్పా. ఎండలో, పెట్రొమాక్సు లైట్ల కింద తొడుక్కోని ఊదేది. పెండ్లికొకసారి వెయ్యాల. చెమట ఉప్పు గదా, గుడ్డను తినేస్తాది."

"ఇప్పుడు వెయ్యి సామీ. గురువారానికి కావాల."

"గురువారానికా? ఈడ మిషను యాడుండాది? నేను మద్రాసుకు పంపించి తెప్పిస్తాను. లారీ పోయి వచ్చేతలికి వచ్చే వారం దాటిపోతాది."

నవాబు అద్దాల బీరువాల వైపు చూశాడు. తిరపతి అంటే అన్నీ తిరపతిలోనే జరుగుతాయనుకున్నాడు. వేలాడుతున్న ఆ సూట్లన్నీ మద్రాసు పోయి వచ్చినవని అతనికేం తెలుసు?

"ఇంట్లో ఏమన్నా చేసుకోవచ్చునా సామీ?"

"నీళ్ల జోలికి మాత్రం పోవద్దు," అని జయరామ్ కోటు మడిచి ఇచ్చేసి, చీర తెచ్చిన ఇంకొకామె వైపు తిరిగాడు.

మిట్టూరులో ఇల్లు చేరేసరికి భార్య అజ్మతున్నీసా వాకిట్లో కుంకుడుకాయలు కొడుతోంది. బజారు వీధి కోమట్ల ఇళ్లలో పట్టుచీరలు ఉతికిపెట్టడం ఆమె పని. ఆమె చేతిలో పడిన చీర కొత్తదానిలా వస్తుందని పేరు. సుబ్బులమ్మ గారి మనవరాలి పెండ్లిపట్టు మీద పడిన వక్కాకు మరక తీసింది ఈమేనని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది ఉరుదూలో. కోపం వస్తే మాత్రం అజ్మతున్నీసా తెలుగులోకి దిగుతుంది. తెలుగులో అయితే మొగుణ్ణి నువ్వు అనొచ్చు.

సంగతి విని ఆమె తెలుగులోకి దిగింది.

"నీళ్లు తగలకూడదని ఆ అంగడాయన చెప్తే నువ్వు తలూపి వచ్చేసినావా? నీళ్లతో పని అయిపోతే ఆయప్ప అంగడి ఎట్ల జరుగుతాది? పట్టుచీరలకూ అట్లే చెప్తారు. నేను ఎన్ని చీరలు ఉతకలేదు? ఒక్కటన్నా చెడిందా?"

"ఇది చీర కాదు మే."

"గుడ్డే గదా. ఇనుముతో చేసిండారా?"

ఇతరుల చీరల విషయంలో ఆమె మాటకు ఎదురులేదని అతనికి తెలుసు. అదీగాక, మునిగేవాడికి గడ్డిపోచ ఆధారం. సరే అన్నాడు.

ఆ పని ఆమె ఎంత శ్రద్ధగా చేసిందంటే, వరదమ్మ చూసి ఉంటే సిగ్గుపడేది. కుంకుడుకాయల్ని గోరువెచ్చని నీళ్లలో నానేసి, చేత్తో పిసికి, నురగ గిన్నె అంచు దాటేదాకా గిలకొట్టి, పిప్పి పడకుండా పల్చటి గుడ్డలో వడగట్టింది. కోటును బండకేసి బాదలేదు, రుద్దలేదు. పసిబిడ్డకు స్నానం చేయించినట్టు ఒక చెయ్యి అడుగున పెట్టి ముంచి తీసింది. మొదటి నీళ్లు నల్లగా వచ్చాయి. తారులా ఉన్న ఆ నీళ్లను చూసి అజ్మతున్నీసా సంతోషించింది. "చూడు, ఎంతమంది పాపం ఉండాదో దీంట్లో!" అంది. నవాబు కూడా నవ్వాడు. పలమనేరు నుంచి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. రెండో నీళ్లు టీ రంగులో వచ్చాయి.

మూడో నీళ్లు ఎర్రగా వచ్చాయి.

ఆమె చెయ్యి తొట్టిలోనే ఆగిపోయింది. గబగబా కోటు బయటికి తీసింది. అప్పటికే ఎరుపు కాలరు చుట్టూ ఉన్న తెల్ల పట్టీల్లోకి పాకింది. జరీ పట్టీలు నల్లబడ్డాయి. అది కంచిపట్టు జరీ కాదు, రేకు మీద రంగు పూసింది. పిండకుండా పంచెలో చుట్టి, నీడలో దండెం మీద వేశారు. సాయంత్రానికి కోటు లోపలి గుట్టు బయటపడింది. ఆ భుజాలు అలా ఠీవిగా నిలబడేది లోపల గంజి పట్టించిన బకరం అనే గట్టి గుడ్డ ఉండబట్టి. నీళ్లలో ఆ గంజి కరిగిపోయింది. బకరం చుట్టుకుపోయి ఎదురొమ్ము మీద గడ్డల్లా తేలింది. భుజాలు జారిపోయాయి. ఒక చెయ్యి ఇంకోదానికంటే కురచయింది. దండెం మీద వేలాడుతున్న ఆ కోటు, మనిషి అందులోంచి దిగి ఎటో పోయినట్టు ఉంది.

అజ్మతున్నీసా పెద్దగా ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, కాసేపు ఆ కురచ చేతిని పట్టుకుని లాగుతూ నిలబడింది. తర్వాత ఉరుదూలో, చాలా మర్యాదగా, "మీరు నన్ను తిట్టండి," అంది.

నవాబు తిట్టలేదు. దగ్గరకు పోయి కోటు చంకలో ముక్కు పెట్టి వాసన చూశాడు. కుంకుడుకాయ వాసన తప్ప ఏమీ లేదు. చచ్చిపోయిన ట్రంపెట్టు ఆయన చెమట పోయింది, డోలు ఆయనదీ పోయింది, తనదీ పోయింది.

"వాసన లేదు మే," అన్నాడు. "మునివెంకటప్పన్న చెప్పింది వాసన సంగతే గదా."

ఎంత వెర్రి ఆశ! కానీ ఆశకు కండ్లుంటే మనిషి ఎప్పుడో ఉరేసుకునేవాడు. మరునాడు ఆ కోటును ఇస్త్రీ చేయించాడు. ఇస్త్రీ బండి ఆయన గడ్డల్ని అణచలేక చేతులెత్తేశాడు. అయినా మడిచి చేతిలో పెట్టుకుని, నవాబు గిరింపేటకు నడిచాడు.

మునివెంకటప్ప కోటు విప్పి, రెండు చేతులతో పైకెత్తి చూశాడు. కేకలు వేస్తాడని నవాబు ఒళ్లు బిగబట్టుకుని నిలబడ్డాడు. మునివెంకటప్ప కేకలు వేయలేదు. నిట్టూర్చి కోటును అరుగు మీద వేశాడు.

"ఏమప్పా ఇది? దీన్ని చంపేసినారే."

"వాసన లేదన్నా. చూడు. ముందర నిలబడొచ్చునన్నావు..."

"ఇది తొడుక్కోని నిలబడతావా?"

"ఇంకొక కోటు ఇయ్యన్నా. ఓబయ్యది ఇయ్యి. వాడు ఊదడు గదా, వాడి కోటు కంపు కొట్టదు. వదులైతే లోపల ఇంకో చొక్కా వేసుకుంటా."

మునివెంకటప్ప అతన్ని కూర్చోమన్నాడు. అరుగు మీద తన పక్కనే. ఇన్నేళ్లలో అతను నవాబును తన పక్కన కూర్చోమనడం అదే మొదటిసారి. ఆ మర్యాద చూసే నవాబుకు భయం వేసింది.

"నవాబూ, ఒక మాట చెప్తా, బాధ పడొద్దు. నీ కోటు మద్రాసు పోయి మల్లెపువ్వు మాదిరి వచ్చినా నేను నిన్ను ముందర నిలబెట్టేవాణ్ణి కాదు. ఆయమ్మ అనింది కోటును కాదప్పా. ఆ నడిమధ్య ఆయన రాకూడదు అని నీ ఆనవాళ్లు చెప్పి పంపింది. కోటు మార్చచ్చు. మొగం యాడ మార్చేది? నిన్ను చూస్తానే ఆయమ్మకు ఆ కంపు గుర్తొస్తాది. కోటు లేకున్నా ముక్కు మూసుకుంటాది."

"మరి ఆ పొద్దు, కంపు లేకుండా తెస్తే..."

"ఆ పొద్దు ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామని అన్నాను. నువ్వు ఇంత పని చేస్తావని నాకేం తెలుసు?"

నవాబు తల వంచుకున్నాడు. అరుగు కింద చీమలు ఏదో పురుగును లాక్కుపోతున్నాయి. వాటిని చూస్తుంటే తొట్టి ముందు వంగి కూర్చున్న అజ్మతున్నీసా వీపు గుర్తొచ్చింది. ఆ చాకిరీ అంతా, ఆ నురగంతా, అప్పటికే పోయిన చోటు కోసం చేసింది.

"అయితే నేను రాకూడదా?"

"రాకుంటే ఎట్లప్పా? నువ్వు లేకుంటే పాట యాడిది?" మునివెంకటప్ప గొంతులో నిజమైన ఆందోళన ఉంది. "నువ్వు రావాల. స్టేజీ ఎనకాల తెర కడతారు. తెర ఎనకాల కూర్చోని వాయించు. నీ చోట్లో ఓబయ్య పాడైపోయిన క్లారినెట్టు పట్టుకోని నిలబడతాడు, ఊరికే వేళ్లు ఆడిస్తాడు. ఎవురికీ తెలీదు. ఏమంటావు?"

నవాబు ఏమంటాడు? ఆషాఢం ముందర ఉంది. ఇంట్లో మనిషి ఉంది. పైగా, చెప్పుకోవడానికి సిగ్గే కానీ, నువ్వు లేకుంటే పాట లేదన్న మాట అతనికి ఎక్కడో చల్లగా తగిలింది. దేబె మనసు. దెబ్బ కొట్టిన చెయ్యే నిమిరితే అటే ఒరుగుతుంది. సరేనన్నాడు.

తిరుచానూరు కల్యాణమండపంలో గురువారం సాయంత్రం జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. వచ్చినవాళ్లు అమ్మవారి దర్శనం చేసుకుని, అటునుంచి అటే మండపానికి వస్తున్నారు. స్టేజీ మీద పెద్ద కుర్చీల్లో పెండ్లికూతురు, పెండ్లికొడుకు. పక్కన మెట్టు మీద బ్యాండు. వెనక ముదురు నీలం తెర. తెర వెనక వంటశాలకు పోయే సన్నటి దారి. ఆ దారిలో గోడకు ఆనించి వేసిన ఒక ఇనుప మడత కుర్చీలో నవాబు, మామూలు తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. తెర అతుకు దగ్గర సందు ఉంది. అందులోంచి ఓబయ్య వీపు, ఎత్తుగా నిలబడ్డ ఎర్ర భుజాలు కనిపిస్తున్నాయి. ఓబయ్య మొదలుపెట్టే ముందు ఒకసారి వెనక్కి తిరిగి తెర వైపు చూశాడు. వాడి మొహంలో దొంగతనం చేయబోయేవాడి బెదురు ఉంది. తర్వాత మీసం దువ్వుకుని ముందుకు తిరిగాడు.

నవాబు వాయించాడు. అలా ఎప్పుడూ వాయించలేదేమో. ముందున్న మొహాలు లేవు, ముక్కుకు అడ్డం పెట్టుకునే కొంగులు లేవు. ఊపిరి ఉంది, పాట ఉంది. గిన్నెలు కడిగే చప్పుడు, సాంబారు పొగ, తడి నేల మీద జారుతూ పరిగెత్తే వడ్డనవాళ్లు. వాటి మధ్య కండ్లు మూసుకుని ఒక్కో స్వరాన్నీ తెర సందులోంచి అవతలికి పంపాడు. అవతల మాటలు సద్దుమణిగినట్టు అనిపించింది. తెరకు అవతల దగ్గరలోనే వరదమ్మ గొంతు వినిపించింది.

"ఈయప్ప బాగా వాయిస్తా ఉండాడు. ఆ పొద్దు వచ్చిన ఆయన మాదిరి కాదు. సూడు, మనిషి కూడా ఎంత శుభ్రంగా ఉండాడో!"

నవాబు కండ్లు తెరిచాడు. ఇంకా కొంచెంసేపు వాయించాడు. అప్పుడు, చరణం సగంలో, స్వరం సాగదీయవలసిన చోట, క్లారినెట్టును పెదాల నుంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

కావాలనే ఆపాడు. ఒక్కసారి అవతల నిశ్శబ్దం పడాలి. జనం తలెత్తి చూడాలి. ఓబయ్య వేళ్లు గాల్లో వెర్రిగా ఆడుతూ అందరికీ కనపడాలి. ఏమైంది, పాట ఏమైంది అని ఎవరో ఒకరు అడగాలి. తర్వాత మునివెంకటప్ప తిట్టినా తన్నినా సరే. నవాబు తెర సందు మీదే కన్నేసి ఎదురుచూశాడు.

డోళ్లు మోగుతూనే ఉన్నాయి. ట్రంపెట్లు ఆ ఖాళీలోకి దూసుకొచ్చి పాటను లాక్కుపోయాయి. ఓబయ్య వేళ్లు ఆగలేదు. మునివెంకటప్ప తల కూడా తిప్పలేదు. జనం మాట్లాడుకుంటున్నారు, పలకరించుకుంటున్నారు, కెమెరా వెలుగు పడ్డప్పుడల్లా సర్దుకుని నిలబడుతున్నారు. పాట చివరికి వచ్చింది. ముందు వరస కుర్చీల్లో ఎవరో పెద్దమనిషి, "భేష్, క్లారినెట్టు అంటే అట్లుండాల," అన్నాడు. ఓబయ్య వంగి దండం పెట్టాడు.

చోటు పోయినా పాట తనదేనని నవాబు అనుకుంటూ వచ్చాడు. తాను ఊదకపోతే ఆ చోట చిన్న బొక్క అయినా పడుతుందని నమ్మాడు. అదీ పడలేదు. ఇన్నేళ్లుగా తాను సాగదీసిన స్వరాలన్నీ ఎవరు విన్నట్టు? కండువాతో మొహం తుడుచుకున్న ఆ మేనమామలు దేనికి ఏడ్చినట్టు? అతనికి ఏడుపు రాలేదు. ఒడిలో ఉన్నది చెక్కో, క్లారినెట్టో తెలియకుండా కూర్చున్నాడు.

వంటశాల వైపు నుంచి తలపాగా చుట్టుకున్న ఒక వంటాయన పెద్ద సాంబారు గుండిగను ఒక వైపు పట్టి ఈడ్చుకుంటూ వచ్చి, దారిలో కూర్చున్న నవాబును చూసి ఆగాడు.

"ఏమప్పా, ఊరికే కూర్చోనుండావే. వడ్డనకు వచ్చినోడివే గదా? పంక్తి లేచిపోతాది, రా, ఆ పక్క పట్టు."

స్టేజీ మీద తర్వాతి పాట మొదలైంది. నవాబు క్లారినెట్టును కుర్చీ మీద పెట్టి లేచాడు. వంగి, చేతులు కాలకుండా చొక్కా అంచు అడ్డం పెట్టుకుని, గుండిగ రెండో చెవి పట్టుకున్నాడు.

"పైకెత్తు," అన్నాడు వంటాయన.

ఇద్దరూ ఎత్తి, భోజనాల వైపు నడిచారు.